బండి ఊగుతోందా? ముందు ఏ పార్టూ కొనకండి

దాదాపు నాలుగు నెలలు నేను పెట్రోల్ బంకుల వాళ్ళని తిట్టుకుంటూ తిరిగాను. ట్యాంకు నింపించి, డబ్బులిచ్చి, సీట్లో కూర్చుని సెల్ఫ్ కొడితే బండి ఒక పట్టాన అందుకునేది కాదు. మామూలుగా ఒక్క సెల్ఫ్‌కి లేచే బండి కాస్తా ఏడెనిమిది సెకన్లు తిప్పితే గానీ, అదీ యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పెడితే గానీ లేచేది కాదు, లేచాక కూడా ఆర్‌పీఎం ముల్లు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) 500కి పడిపోయి, చచ్చిపోతుందేమో అనుకునేలోపు 1100కి ఎగిరి, మళ్ళీ పడి, డాష్‌బోర్డు మీద పెట్టిన కళ్ళజోడు టకటకా కొట్టుకునేది. రెండు కిలోమీటర్లు పోయాక ఏమీ ఎరగనట్టు మామూలైపోయేది. ఇంకేముంది, కల్తీ పెట్రోలే అని ఫిక్సయిపోయాను. బంకు మార్చాను, ఇంకో బంకు మార్చాను, ఖరీదైన పెట్రోల్ కొట్టించాను, ఎవరికి చెప్పినా "అవును, ఈ మధ్య పెట్రోల్ అస్సలు బాగోట్లేదు" అని తలాడించినవాళ్ళే. నలుగురూ ఒప్పుకున్నాక ఇక అనుమానం ఎందుకుంటుంది?

ఈలోపు షెడ్డులో నా బండికి కొత్త స్పార్క్ ప్లగ్గులు పడ్డాయి. తర్వాత ఒక ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పంపేది). తర్వాత ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది) క్లీనింగ్. ఆఖరికి ఫ్యూయల్ పంపు కూడా మార్చేద్దాం సార్ అన్నాడు మెకానిక్, నేనూ సరే అన్నాను, మార్చేశాం, బిల్లు కట్టేశాను. మరుసటి వారం ట్యాంకు నింపించాను. కళ్ళజోడు మళ్ళీ టకటకా.

అసలు దొంగ ఎవరో కింద చెప్తాను గానీ, ఆ నాలుగు నెలల్లో నాకు బుర్రకెక్కింది ఒక్కటే. ఐడిలింగ్‌లో (అంటే బండి నిలబడి ఉండి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు) తేడా వస్తే "ఏ పార్టు పోయింది" అని అడగడం మొదలుపెట్టామంటే ఇక దారి తప్పినట్టే. ముందు అడగాల్సింది "ఎప్పుడెప్పుడు వస్తోంది" అని. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేస్తేనా, గేర్లో ఉంటేనా, బ్రేకు తొక్కితేనా, ట్యాంకు నింపాకా. ఈ "ఎప్పుడు" తెలిస్తే సగం పని అయిపోయినట్టే, అది తెలియకుండా స్కానర్ (బండి కంప్యూటర్ చెప్పేది చదివే పరికరం) పెట్టినా, లక్ష పార్టులు మార్చినా అది లాటరీ టికెట్ కొనడమే.

ఐడిల్‌లో ఉన్న ఇంజన్‌ని చూసి పాపం ఖాళీగా ఉంది అనుకుంటాం గానీ, నిజానికి దానికి అన్నిటికంటే కష్టమైన టైమ్ అదే. లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ 750 ఆర్‌పీఎం దగ్గర నిలబడి ఉందనుకుందాం. ప్రతి సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి మండుతుంది, అంటే నిమిషానికి 375 సార్లు, నాలుగూ కలిపితే 1500, అంటే సెకనుకి 25. ఒక మంటకీ ఇంకో మంటకీ మధ్య 40 మిల్లీసెకన్ల గ్యాపు. అదే 3000 ఆర్‌పీఎంలో అయితే ఆ గ్యాపు 10 మిల్లీసెకన్లే. పైగా తిరిగే చక్రంలో ఉండే ఊపు వేగంతో పాటు నాలుగు రెట్లే కాదు, వేగం వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి 3000లో ఆ ఊపు 750లో ఉన్నదానికి 16 రెట్లు. అంటే స్పీడు మీద ఉన్నప్పుడు ఒక సిలిండర్ ఒక దెబ్బ తప్పినా ఆ ఊపులో కొట్టుకుపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఐడిల్‌లో ఆ మోసుకుపోయే ఊపు లేదు. ఒక్క దెబ్బ తప్పితే సీటు కింద తెలుస్తుంది. అందుకే చాలామంది "హైవే మీద సూపర్‌గా పోతోంది, సిగ్నల్లో ఆగితేనే ఊగుతోంది, కాబట్టి ఇంజన్‌లో ఏమీ లేదు" అనుకుంటారు. ఆ లెక్క తప్పు. లోపం హైవే మీద కూడా ఉంది, స్పీడు దాన్ని కప్పేస్తోంది అంతే.

ఇంకోటి గాలి. పెట్రోల్ ఇంజన్‌లో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే గాలి దారికి తలుపులాంటి థ్రాటిల్ రేకు దాదాపు పూర్తిగా మూసుకుంటుంది, అంచు చుట్టూ వెంట్రుక మందం సందు మిగులుతుంది, ఇంజన్ ఆ సందులోంచే ఊపిరి పీల్చాలి. బయట గాలి ఒత్తిడి సుమారు 100 కిలోపాస్కల్స్ ఉంటే మానిఫోల్డ్ (ఆ రేకు దాటాక సిలిండర్లకి గాలి తీసుకెళ్ళే గొట్టాలు) లోపల 30, 40 మధ్య ఉంటుంది. అంటే లోపల అంత గట్టి పీల్పు. ముక్కు మూసేసి సన్న గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చుకుంటూ నిలబడ్డం ఎలా ఉంటుందో ఆలోచించండి, ఆ గొట్టానికి గుండుసూది బెజ్జం పడితే ఎంత తేడా వస్తుందో అదే ఇక్కడ జరిగేది.

ఇదే వాక్యూమ్ లీక్, షెడ్డు భాషలో ఎయిర్ లీకేజ్. ఐడిలింగ్ సమస్యల్లో దీనిది పెద్ద వాటా. రెండు లీటర్ల ఇంజన్ వేడెక్కాక ఊరికే నిలబడి ఉంటే సెకనుకి సుమారు రెండు మూడు గ్రాముల గాలి తాగుతుంది, రెండున్నర అనుకుందాం. ఎక్కడో రబ్బరు పైపు పగిలి అందులోంచి అర గ్రాము దొంగ గాలి వెళ్తోందనుకోండి. ఆ అర గ్రాము, వచ్చే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్‌ని దాటి వచ్చింది కాదు, కాబట్టి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లెక్కలో లేదు, పెట్రోల్ రెండున్నర గ్రాములకే సరిపడా కొడుతుంది. గాలి 14.7 పాళ్ళకి పెట్రోల్ ఒక పాలు ఉండాలన్నది లెక్క, ఇప్పుడు గాలి ఒకేసారి 20 శాతం ఎక్కువైపోయింది, మంట బలహీనం, బండి వణుకుడు. అదే బండి హైవే మీద సెకనుకి 25 గ్రాములు పీలుస్తుంటే ఆ అర గ్రాము 2 శాతం. లెక్కలోకి కూడా రాదు. పైపు అదే, కన్నం అదే.

అందుకే స్కానర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. కోడ్ చదివి "పి0171, మిక్స్చర్ లీన్" (గాలికి తగ్గ పెట్రోల్ లేదు) అని చూసి ఆక్సిజన్ సెన్సార్ మార్చేయడం పనికిమాలిన పని. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒకటి ఉంటుంది, ఈసీయూ తన లెక్కకి మించి ఎంత శాతం పెట్రోల్ కలుపుతోందో, ఎంత కోస్తోందో అందులో కనిపిస్తుంది. ఐడిల్‌లో అది ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ప్లస్ 3కి దిగిపోతే దాదాపు ఎయిర్ లీకేజే. అటు తిరగేసి ఐడిల్‌లో బాగానే ఉండి స్పీడు పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ చాలట్లేదు, పంపో ఫిల్టరో చూడాలి, లేదా ఎయిర్ ఫ్లో సెన్సార్ మురికి పట్టి గాలిని తక్కువ చూపిస్తోంది. ఈ ఒక్క పరీక్ష నా బండికి ఎవరన్నా చేసుంటే నాకు పంపు ఖర్చు మిగిలేది. అన్నట్టు, ఎయిర్ ఫ్లో సెన్సార్ లేకుండా మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్ మీద నడిచే ఇంజన్లు చాలా ఉన్నాయి, వాటిలో దొంగ గాలి వల్ల ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దాన్ని చూసి పెట్రోల్ కూడా పెంచుతుంది, అప్పుడు వణుకుడు బదులు ఐడిల్ పైకి లేచి కూర్చుంటుంది. ఒకే కన్నం, ఒక బండి వణుకుతుంది, ఇంకో బండి అరుస్తుంది.

కన్నం ఎక్కడుంటుంది అంటే, రబ్బరు ఉన్న ప్రతిచోటా. బ్రేక్ బూస్టర్‌కి (బ్రేకు మీద మన కాలి బలాన్ని పెంచేది) వెళ్ళే లావు పైపు, క్రాంక్‌కేస్ ఆవిరి లాగే పీసీవీ పైపు (ఆయిల్ ఆవిరి తాగి తాగి మెత్తబడి మోచేయి వంపు దగ్గర పగులుతుంది, చూస్తే బాగానే ఉంటుంది, వేలితో వంచితే నోరు తెరుస్తుంది), ఇంజెక్టర్ల కింద ఓ-రింగులు, మానిఫోల్డ్ గ్యాస్కెట్. బూస్టర్ సంగతి అయితే కారులో కూర్చునే తెలుసుకోవచ్చు, ఇంజన్ ఆన్‌లో పెట్టి బ్రేకు తొక్కి పట్టుకోండి, పెడల్ దగ్గర స్‌స్‌స్ మని ఆగకుండా వినిపించి ఆర్‌పీఎం మారితే దాని డయాఫ్రమ్ చిరిగినట్టే, అది ఐడిలింగ్ సమస్య కాదు, బ్రేకు సమస్య, వాయిదా వేయకండి. లీకేజ్ పట్టడానికి కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టే అలవాటు కొందరికి ఉంది, వేడి ఇంజన్ మీద అది కొట్టడం అంటే నిప్పుతో చెలగాటం. స్మోక్ టెస్ట్ అని ఉంది, మానిఫోల్డ్‌లోకి పొగ వదిలితే కన్నం ఉన్న చోట పొగ బయటికొస్తుంది, ఊహలక్కర్లేదు.

ఇక థ్రాటిల్ బాడీ. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, ఎందుకంటే ఇప్పుడు ప్రతి సర్వీసులోనూ అడిగినా అడక్కపోయినా "థ్రాటిల్ క్లీనింగ్" అని ఒక లైను బిల్లులో పడుతోంది. మురికి పడుతుంది, కాదనను. గాలి పైపు ఊడదీసి టార్చి వేసి రేకు అంచు చూడండి, గోడకి ఆనే చోట చుట్టూ ఒక నల్లటి గీత, గోరుతో గీకితే జిగురుగా వస్తుంది, పీసీవీ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అలా పేరుకుంటుంది. ఐడిల్‌లో గాలి వెళ్ళే సందే వెంట్రుకంత అన్నాం కదా, ఆ సందులో కాగితం మందం జిగురు చేరితే ఊపిరి ఆడదు. యాక్సిలరేటర్ వదిలి సిగ్నల్ దగ్గరికి జారుతూ వస్తుంటే బండి ఠక్కున ఆగిపోయే జబ్బు ఎక్కువగా దీనిదే, పాత బండ్లలో అయితే దీనిది లేదా దాని పక్కనే ఉండే ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్‌ది. కానీ ఇక్కడో తిరకాసు ఉంది. మురికి నెమ్మదిగా పడుతుంది కాబట్టి ఈసీయూ కూడా నెమ్మదిగా రేకుని కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తూ అలవాటు పడిపోతుంది, ఆ అలవాటుని గుర్తు పెట్టుకుంటుంది. మనం పోయి శుభ్రంగా తుడిచేస్తే సందు పెద్దదైపోయింది, ఈసీయూ మాత్రం పాత లెక్కనే తెరుస్తోంది, ఐడిల్ 1500కి ఎగురుతుంది. ఓనరు గుండె గుభేల్. "ముందు బాగానే ఉండేది, మీరే పాడు చేశారు" అని గొడవ. నిజానికి చెయ్యాల్సింది రీలెర్నింగ్, కొన్ని బండ్లు కొంత దూరం నడిచాక అవే నేర్చుకుంటాయి, కొన్నిటికి స్కానర్‌తో చెప్పాలి. బ్యాటరీ ఊడదీసి పెట్టినప్పుడు రెండు రోజులు ఐడిల్ తిక్కతిక్కగా ఉండేది కూడా ఇందుకే, నేర్చుకున్నదంతా మర్చిపోయింది. ఇంకో మాట, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకుని కీ ఆన్‌లో ఉండగా వేలితో నెట్టకండి, లోపల మోటారూ ప్లాస్టిక్ గేర్లూ ఉంటాయి, అది ఒక్కసారి మూసుకుంటే వేలి సంగతి సరే.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మాత్రం "ఐడిల్ పెంచేద్దాం సార్" అనే మాట. కార్బురేటర్ రోజుల్లో స్క్రూ తిప్పితే ఐడిల్ పెరిగేది, అదీ ఐడిల్ జెట్‌లో చెత్త ఇరుక్కున్నప్పుడు రోగం దాచడమే తప్ప నయం చేయడం కాదు, కానీ అప్పుడు కనీసం ఆ స్క్రూ ఉన్నది అందుకే. ఇంజెక్షన్ బండ్లలో థ్రాటిల్ స్టాప్ దగ్గర కనిపించే స్క్రూ ఫ్యాక్టరీలో సెట్ చేసి పెట్టింది, దాన్ని తిప్పితే రేకు ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు, యాక్సిలరేటర్ మీద కాలు ఉందో తీశారో ఈసీయూకి అయోమయం, ఒక సమస్య రెండవుతుంది. పైగా 750లో వణికే ఇంజన్ 1000లో వణక్కపోవడం బాగుపడ్డం కాదు కదా, ఇందాక చెప్పిన ఊపు లెక్కే అది. జ్వరం వచ్చినోడికి ఫ్యాన్ వేసి థర్మామీటర్ దాచేసినట్టు.

ఒక విషయం చాలామందికి తెలియదు, అప్పట్లో నాకూ తెలియదు. ఈసీయూ కూడా ఈ దాచే పని తనకు చేతనైనంత చేస్తూనే ఉంటుంది. ఆర్‌పీఎం పడబోతుంటే స్పార్క్ టైమింగ్ ముందుకి జరుపుతుంది, ఎక్కువైతే వెనక్కి లాగుతుంది, రేకు తెరుస్తుంది, పెట్రోల్ కలుపుతుంది, ఇవన్నీ మనకి తెలియకుండానే జరిగిపోతుంటాయి. కాబట్టి స్టీరింగ్‌లో వణుకు మన చేతికి తెలిసిందీ అంటే అది చేయగలిగినదంతా చేసి చేతులెత్తేసిందని అర్థం. "నిన్నటి నుంచే సార్" అంటాం మనం, జబ్బు వచ్చి ఆర్నెల్లై ఉంటుంది.

మిస్సింగ్ కొట్టడం, అంటే సిలిండర్లో మంట తప్పడం, వేరే రకం. దీనికి స్కానర్ కంటే ముందు సైలెన్సర్ దగ్గరికి వెళ్ళి వినండి, అరచెయ్యి కొంచెం దూరంగా పెట్టి ఆ గాలి దెబ్బలు చూడండి. బాగున్న ఇంజన్ దెబ్బలు ఒకే తాళంలో వస్తాయి. ఒక సిలిండర్ పనిచెయ్యకపోతే డబ్ డబ్ డబ్... అని ఒక దెబ్బ మింగేసి మళ్ళీ డబ్ డబ్ డబ్, వరసగా అదే లెక్కలో. అలా లెక్కగా తప్పుతుంటే ఒకే సిలిండర్ సమస్య, కాయిలో ప్లగ్గో ఇంజెక్టరో. లెక్క లేకుండా ఎక్కడ పడితే అక్కడ తప్పుతుంటే అందరికీ ఉమ్మడిగా ఉండేది ఏదో పోయింది, గాలో పెట్రోలో ఈజీఆరో (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది). కోడుల్లో కూడా ఇదే తేడా, పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది, పి0300 అంటే ఫలానా అని లేదు. ఒకటో సిలిండర్ కోడ్ వచ్చిందని పరిగెత్తి కాయిల్ కొనకండి, ఒకటో కాయిల్ తీసి మూడో దానికి, మూడోది ఒకటో దానికి పెట్టండి, పది నిమిషాల పని, కోడ్ పి0303కి మారితే కాయిలే, మారకపోతే ప్లగ్గు అలాగే అటూ ఇటూ మార్చి చూడండి, అయినా మారకపోతే ఇంజెక్టర్, అదీ కాకపోతే కంప్రెషన్. నా బండికి కాయిల్ మార్చినప్పుడు ఈ పది నిమిషాలు ఎవరూ పెట్టలేదు, నేనూ అడగలేదు. ఇంజన్ లైటు వెలుగుతూ ఉండడం వేరు, టపటపా ఆరి వెలుగుతుంటే వేరు, ఆరి వెలుగుతుంటే మండని పెట్రోల్ నేరుగా, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందన్నమాట, దాన్ని ఇంటిదాకా లాక్కొద్దాం అనుకోకండి, కన్వర్టర్ కాలిపోతే ఆ బిల్లు ముందు కాయిల్ బిల్లు చిల్లర.

ఇంక చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక అనే తేడా. పొద్దున స్టార్ట్ చెయ్యగానే 1200, 1500 దగ్గర గుర్రుమనడం జబ్బు కాదు, ఇంజన్ వేడెక్కేకొద్దీ అదే దిగాలి. దిగట్లేదంటే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వ్) తెరిచి ఉండిపోయి ఇంజన్ వేడెక్కట్లేదు, లేదా కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ అబద్ధం చెప్తోంది. ఆ సెన్సార్ చల్లగా ఉంటే రెండు మూడు వేల ఓమ్‌లు చూపించి 80, 90 డిగ్రీలకి రెండు మూడు వందలకి పడిపోయే చిన్న ముక్క, అది పోయి ఎప్పుడూ "చల్లగా ఉంది" అంటుంటే ఈసీయూ నమ్మి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది, నల్ల పొగ, ప్లగ్గులు మసి, మైలేజీ గోవింద. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఓ నిమిషం దడదడలాడి తర్వాత సర్దుకుంటే, అది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ అయితే, ఇన్‌టేక్ వాల్వుల వెనక కార్బన్ గడ్డకట్టి ఉండొచ్చు. ఆ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది, వాల్వుల్ని కడగదు, కాబట్టి ట్యాంకులో పోసే క్లీనర్ డబ్బాలు వాటిని తాకనైనా తాకవు. అయినా జనం పోస్తూనే ఉంటారు.

ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరిచి ఉండిపోతే పొగ తిరిగి లోపలికొచ్చి ఐడిల్‌లో ఊపిరాడనివ్వదు, కొంచెం రేస్ చేస్తే బాగుంటుంది. గ్యాస్ మీద నడిచే బండ్లలో వాల్వ్ సీట్లు అరిగి ట్యాపెట్ గ్యాపు (వాల్వ్‌కీ దాన్ని తొక్కే ముక్కకీ మధ్య సందు) తగ్గిపోతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోక ఐడిల్ పాడవుతుంది, వాటికి ట్యాపెట్ సెట్టింగ్ చూడకుండా ప్లగ్గులు మార్చుకుంటూ పోవడం దండగ. డీజిల్ కథే వేరు, అక్కడ ఐడిల్‌ని పట్టి ఉంచేది డీజిలే, గాలి కాదు, కాబట్టి ఫిల్టరు, లైనులోకి గాలి చేరడం, ఇంజెక్టర్ల కరెక్షన్ విలువల్లో ఒకటి మిగతావాటికి దూరంగా ఉండటం, ఇవి చూడాలి. డీజిల్ గురించి నాకు చేతితో తెలిసింది తక్కువ, ఇక్కడితో ఆపుతా.

సరే, నా బండి. ఆఖరికి నేను చేసిన పని సిగ్గు పడేంత చిన్నది, ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎప్పుడు వణికింది, అప్పుడు ట్యాంకు ఎంత ఉంది, ఇంజన్ వేడా చల్లనా, ఏసీ ఉందా. మూడు వారాలకి పదకొండు సార్లు రాశాను. అందులో ఎనిమిది సార్లు ఫుల్ ట్యాంకు చేయించిన వెంటనే. కల్తీ పెట్రోల్ అయితే ఆ ట్యాంకు అయిపోయేదాకా వణకాలి కదా? రెండు కిలోమీటర్లకే ఎందుకు తగ్గుతోంది? ఈ ప్రశ్న నాలుగు నెలల్లో నాకొక్కసారి కూడా తట్టలేదు, తట్టనివ్వకుండా అందరూ తలాడించారు.

ఆ కాగితం తీసుకుని వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి నవ్వాడు. "సార్, ఏదైనా మార్చారా దీనికి?" చెప్పాను. "పంపు కూడానా!" అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. బోనెట్ తెరిచి, చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసి, మానిఫోల్డ్ పక్కన అగ్గిపెట్టె సైజులో ఉన్న ఒక నల్ల ప్లాస్టిక్ ముక్క నుంచి వెనక్కి పోయే పైపు లాగేశాడు. "ఇక్కడ వేలు పెట్టండి సార్" అన్నాడు. పెట్టాను. చూపుడు వేలు చివర్ని లోపలికి లాగింది, జలగ పట్టినట్టు. వేలితో కన్నం మూసి ఉంచినంతసేపూ ఇంజన్ గడియారంలా నడిచింది. వేలు తీశాను, వణికింది. మళ్ళీ పెట్టాను, ఆగింది. చిన్నపిల్లాడిలా నాలుగైదు సార్లు చేశాను.

అది పర్జ్ వాల్వ్. పెట్రోల్ పోస్తున్నప్పుడు ట్యాంకులో ఉన్న ఆవిరి బయటికి పోకుండా బొగ్గు నింపిన ఒక డబ్బా, క్యానిస్టర్, దాన్ని పీల్చి పెట్టుకుంటుంది. తర్వాత బండి నడుస్తున్నప్పుడు ఈసీయూ ఈ వాల్వ్‌ని కొంచెం కొంచెం తెరిచి ఆ ఆవిరిని ఇంజన్‌కి తాగిస్తుంది. ఇంజన్ చల్లగా ఉండి ఐడిల్‌లో ఉన్నప్పుడు అది మూసి ఉండాలి. నాది ఇరుక్కుపోయి తెరిచే ఉంది. ఫుల్ ట్యాంకు చేయించగానే డబ్బా నిండా ఆవిరి, ఐడిల్‌లో ఇంజన్ పీల్పు గట్టిగా ఉంటుంది కాబట్టి అదంతా ఒక్కసారిగా లాగేసుకుని ఉక్కిరిబిక్కిరి, అందుకే సెల్ఫ్ అందుకోకపోవడం, అందుకే యాక్సిలరేటర్ తొక్కితే (గాలి వస్తుంది కదా) లేవడం. రెండు కిలోమీటర్లకి ఆవిరి అయిపోయేది, సర్దుకునేది. ఇంకో తమాషా ఏంటంటే ఆవిరి అయిపోయాక అదే దారిలో ఒట్టి గాలి వస్తుంది, అంటే అదే పార్టు పొద్దున పెట్రోల్ ఎక్కువ చేసి, సాయంత్రం గాలి ఎక్కువ చేస్తుంది. కాగితంలో మిగిలిన ఆ మూడు సార్లు అవే. ఏ ఒక్క పూట స్కానర్ పెట్టినా సగం నిజమే చెప్తుంది. మార్చడానికి పట్టింది పావుగంట, మార్చిన వాల్వ్ ఖరీదు ఫ్యూయల్ పంపులో చాలా చిన్న భాగం. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, నేను గొడ్డళ్ళ దుకాణమే పెట్టాను.

ఇక్కడ మొదటి మెకానిక్‌ని తిట్టడం సులువే గానీ అది నిజాయితీ కాదు. నేను ప్రతిసారీ ఆయన దగ్గరికి పోయి ఏమన్నాను? "బండి ఊగుతోంది, సాయంత్రానికి కావాలి." అంతే కదా. ఎప్పుడు ఊగుతోందో చెప్పలేదు, చెప్పినా "కల్తీ పెట్రోల్ కొట్టించినప్పుడు" అని నా తీర్పు చెప్పాను తప్ప చూసింది చెప్పలేదు. నేను వెళ్ళేసరికి బండి రెండు కిలోమీటర్లు దాటేసి ఉండేది, ఊగేది కూడా కాదు. ఆయన గంట సేపు కూర్చుని వెతికి "ఏమీ దొరకలేదు సార్, గంటకి ఇంత ఇవ్వండి" అంటే నేను ఇచ్చేవాణ్ణా? ఇవ్వను. పోట్లాడేవాణ్ణి. అదే కొత్త పార్టు పెట్టి, పాతది కవర్లో పెట్టి చేతికిస్తే మారు మాట్లాడకుండా కట్టేశాను, మూడు సార్లు. మనం పార్టుకి డబ్బులిస్తాం, బుర్రకి ఇవ్వం. బుర్ర పెట్టినోడికి ఏమీ మిగలకుండా, పార్టు మార్చినోడికి మిగిలేలా చేసి, అందరూ పార్టులే మారుస్తున్నారని ఏడవడం ఏం న్యాయం? దీని మీద ఒక మెకానిక్ మిత్రుడితో వాదించాను కూడా, "మీరు చెప్పేది బాగానే ఉంది గానీ, చూసినందుకు డబ్బులడిగితే మళ్ళీ రారండీ ఎవరూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చేస్తున్నా, ఇప్పుడు ఏ పని మీద వెళ్ళినా ముందే చెప్తున్నా, వెతకడానికి ఇంత, దొరికినా దొరక్కపోయినా ఇస్తాను, పార్టు సంగతి తర్వాత. మొదట్లో వింతగా చూశారు.

పాత పర్జ్ వాల్వ్ నా బల్ల సొరుగులో ఉంది. ఊదితే గాలి ఇటు నుంచి అటు పోతుంది, కరెంటు లేనప్పుడు పోకూడదు.

ఇప్పుడు బండి ఐడిల్‌లో మళ్ళీ కొంచెం వణుకుతోంది. ఏసీ వేసి, డ్రైవ్ (డి) గేర్లో పెట్టి, బ్రేకు తొక్కి నిలబడితేనే, న్యూట్రల్‌లోకి తెస్తే పోతుంది, ముల్లు మాత్రం 750 దగ్గర కదలకుండా ఉంటుంది, సైలెన్సర్ దగ్గర దెబ్బలు సమంగానే ఉన్నాయి. ఇంజన్ బాగానే ఉంది, దాన్ని పట్టుకుని కూర్చున్న రబ్బరు మౌంటింగ్ కూలబడింది, గేర్లో లోడు పడ్డప్పుడు ఇంజన్ వణుకు నేరుగా బాడీకి ఎక్కుతోంది. చూపించాను, కుడివైపుది అన్నారు. చూసినందుకు డబ్బులిచ్చి వచ్చేశాను. మార్చాలి, ఇంకా మార్చలేదు. కళ్ళజోడు మాత్రం డాష్‌బోర్డు మీంచి తీసేశాను.